ఋష్యేంద్రమణి: తులాభారం నుంచి తల్లి పాత్రల దాకా

తెలుగు సినిమా తొలి దశాబ్దాల గురించి రాసేటప్పుడు ఋష్యేంద్రమణిని ‘తల్లి వేషాలు వేసిన నటి’ అన్న ఒక్క మాటతో దాటేయడం అలవాటైంది. కథానాయికగా మొదలై, తర్వాత చిన్న స్థానానికి దిగారన్న భావం ఆ మాటలో దాగి ఉంది. ఆ లెక్క నాకు ఎన్నడూ సరిగా తోచలేదు. రంగస్థలం ఆమెకు నేర్పిన విద్య నాయిక పాత్రల్లో కంటే తల్లి పాత్రల్లోనే నిండుగా పండిందని నా అభిప్రాయం.

1917లో విజయవాడలో పుట్టిన ఆమె బాల్యంలోనే నాటకాల్లోకి వచ్చారు. స్త్రీ పాత్రలను కూడా పురుషులే ధరించే సంప్రదాయం బలంగా ఉన్న రోజులవి. సత్యభామ అనగానే ప్రేక్షకుల కళ్ల ముందు స్థానం నరసింహారావు మెదిలేవారు. అలాంటి కాలంలో, 1935లో, ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రంలో ఋష్యేంద్రమణి సత్యభామ అయ్యారు. రేలంగి, కాంచనమాల తెరకు పరిచయమైంది కూడా ఆ చిత్రంతోనే. ఒక పురుష నటుడు శిఖరానికి చేర్చిన స్త్రీ పాత్రను పద్దెనిమిదేళ్ల యువతి నిలబెట్టాలంటే అందం చాలదు. పద్యం ఎత్తుకుంటే చివరి వరుస దాకా వినిపించే గొంతు, సంభాషణలో ఏ మాట మీద ఊనిక వేయాలో తెలిసిన నాలుక కావాలి. ఆ రెండూ ఆమెకు వేదిక మీదే అలవడ్డాయి.

1942లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘పత్ని’లో ఆమె తమిళ కావ్యం ‘శిలప్పదికారం’ నాయిక కణ్ణగి. రెండేళ్లకే, ‘సీతారామ జననం’లో కౌసల్య. రాముడిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుకు అప్పుడు ఇరవై ఏళ్లు, తల్లిగా నటించిన ఆమెకు ఇరవై ఏడు. వయసు మీరి తల్లి వేషాలకు మారారన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. ఇరవై ఏడేళ్ల స్త్రీ కౌసల్యగా నిలబడాలంటే మాటలో పెద్దరికం ఉండాలి. నాటక సమాజాల్లో వయసుతో పనిలేకుండా వేషం కట్టిన వారికి అది కొత్త కాదు.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 1950ల నాటి ఋష్యేంద్రమణి. ‘మల్లీశ్వరి’ (1951)లో నాగమ్మ కూతురి మనసును కాదని డబ్బునే చూస్తుంది. బావ నాగరాజు పేదవాడు కాబట్టి అతడికి పిల్లనివ్వదు, రాజుగారి పల్లకి వస్తే మాత్రం పొంగిపోతుంది. ‘విప్రనారాయణ’ (1954)లో నర్తకి దేవదేవి తల్లి రంగసాని ఇంకా కఠినం. చేతిలో చిల్లిగవ్వ లేని భక్తుణ్ణి గడప దాటిస్తుంది, బంగారు పాత్ర ఇంటికి రాగానే మాట మారుస్తుంది. తులాభారంలో కృష్ణుణ్ణి బంగారంతో తూచబోయిన సత్యభామే వేర్వేరు చీరల్లో తిరిగి వచ్చినట్టు అనిపిస్తుంది. కానీ సత్యభామ దురుసుతనంలో ఉన్న ప్రేమ రంగసానిలో లేదు. నాగమ్మ ఆశలో మాత్రం కూతురి సుఖం కోరే అమాయకత్వం ఒకటి మెరుస్తుంది. ఈ తేడాలను కథ కంటే ఆమె గొంతే ముందుగా చెబుతుంది.

‘మాయాబజార్’ (1957)లో త్రాసు తిరగబడింది. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నాక, శశిరేఖను అభిమన్యుడికి ఇస్తానన్న మాటను బలరాముడి ఇల్లు పక్కన పెడుతుంది. ఇప్పుడు తూకానికి నిలబడింది సుభద్ర కొడుకు. అన్న ఇచ్చిన మాటను గుర్తుచేసే ఋష్యేంద్రమణి సుభద్రలో యాచన మచ్చుకైనా కనిపించదు. పుట్టింట్లో అవమానపడిన ఆడపడుచు దుఃఖాన్ని, క్షత్రియ స్త్రీ పౌరుషాన్ని ఒకే ఊపిరిలో పలకడం పద్య నాటకంలో నలిగిన నటికే సాధ్యం. మహామహులున్న ఆ చిత్రంలో సుభద్ర గురించి తక్కువగా మాట్లాడుకుంటాం గాని, ఆమెకు జరిగిన అవమానం మనకు గుచ్చుకోకపోతే ఘటోత్కచుడి మాయలన్నీ వట్టి వినోదంగా మిగిలేవి.

అభిమన్యుడిగా ఆమె పక్కన ఉన్నది మళ్లీ అక్కినేనే. పదమూడేళ్ల కిందట కౌసల్యగా ఆమె కన్న రాముడు, నడుమ రంగసానిగా ఆమె గెంటేసిన విప్రనారాయణుడు, ఇప్పుడు కొడుకై ఆమె వెంట ద్వారక విడిచి అడవి దారి పట్టాడు.