ఆల్ సీజన్ ఉంటే చాలా? ఆ ఫార్వర్డ్‌లోని తప్పులు

అక్టోబర్ వచ్చిందంటే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కారు టైర్ల మీద ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఏటా ఒకటి రెండు లైన్లు పెరుగుతుంటాయి. ఇప్పుడు తిరుగుతున్నదాని సారాంశం ఇది: "ఆల్ సీజన్ టైర్లు పన్నెండు నెలలూ పనికొస్తాయి. కారు ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) అయితే వింటర్ టైర్ల ఊసే వద్దు, అదంతా షాపులవాళ్ళ వ్యాపారం. ట్రెడ్‌వేర్ 800 అని ఉంటే 80 వేల మైళ్ళు గ్యారంటీ. రెండే మార్చాల్సి వస్తే కొత్తవి ముందు వేయించండి. టైరు మీద ఎంత రాసుంటే అంత గాలి కొట్టించండి, వీలైతే నైట్రోజన్. సైజు కలిస్తే చాలు, ఏది చవకైతే అది కొనండి."

పంపేవాళ్ళది మంచి ఉద్దేశమే. కానీ ఇండియా నుంచి కొత్తగా వచ్చి, మొదటి కారు కొని, మొదటి శీతకాలం చూడబోయేవాళ్ళు ఇది నమ్మి టైర్లు కొంటున్నారు. అందుకని ఒక్కో మాటా విప్పి చూద్దాం.

పన్నెండు నెలల సంగతి మీరు ఎక్కడ ఉంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉండేవాళ్ళకు అది దాదాపు నిజం. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్ వైపు ఉండేవాళ్ళకు కాదు. ఒకప్పుడు చలి రాష్ట్రాల్లో శీతకాలం రాగానే స్నో టైర్లు వేసుకోవడం, ఎండలు రాగానే తీసేయడం మామూలు. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో అనే టైరు తెచ్చి ఆ మార్చుడు బాధ తప్పిస్తామంది. ఆల్ సీజన్ అన్నది జనంలోకి వెళ్ళింది అక్కణ్ణుంచే. ఎండకూ వానకూ కాస్తో కూస్తో మంచుకూ సర్దుకుపోయే టైరు అది. అన్నిటికీ సర్దుకుపోవాలంటే ఎక్కడో ఒకచోట తగ్గక తప్పదు. ఈ టైరు తగ్గింది చలి దగ్గర.

అసలు కిటుకు రబ్బరులో ఉంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ దిగువకు పోతున్నకొద్దీ మామూలు టైరు రబ్బరు చలికి కొబ్బరినూనె గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డును పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరును ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దాని మీద సన్నటి కోతలు కూడా ఎక్కువగా ఉంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. కాబట్టి మంచు పడిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. మంచు లేని పొడి రోడ్డు మీద కూడా, గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున బ్రేక్ కొడితే తేడా తెలుస్తుంది.

"టైరు మీద ఎం+ఎస్, అంటే మడ్ అండ్ స్నో అని ఉంది కదా, ఎస్ అంటే స్నోనే కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ గుర్తు ట్రెడ్ (రోడ్డును తాకే పై పొర) గాడులు ఎలా ఉన్నాయి, మధ్యలో ఖాళీ ఎంత ఉంది అన్న కొలతల మీద వేసేది. దానికోసం టైరును మంచులో నడిపి చూడాల్సిన పని లేదు. చూడాల్సిన గుర్తు వేరే ఉంది: మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పలుకు బొమ్మ. 1999లో వచ్చింది. ఈ బొమ్మ వేయాలంటే టైరు మంచు మీద పరీక్ష పాసవ్వాలి. అలాగని దీన్ని కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో దీనికి పెట్టే పరీక్ష, నొక్కుకుపోయిన మంచు మీద బండి ముందుకు కదిలేటప్పుడు టైరుకు ఎంత పట్టు ఉందన్నది చూస్తుంది. బ్రేకు కొడితే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో నిలుస్తుందా, ఐస్ మీద ఏమవుతుంది అన్నవి అందులో లేవు.

ఈ మధ్య ఆల్ వెదర్ అని ఇంకో రకం బాగా అమ్ముడవుతోంది. ఏడాదంతా వేసి ఉంచుకోవచ్చు, పైగా కొండ బొమ్మ కూడా ఉంటుంది. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, టోయో సెల్సియస్, నోకియన్ వాళ్ళ డబ్ల్యూఆర్ వరస అలాంటివే. పేరు ఆల్ సీజన్‌కు దగ్గరగా ఉండడంతో కౌంటర్ దగ్గర చాలామంది పొరబడతారు. పేరు వదిలేసి టైరు పక్కన బొమ్మ ఉందో లేదో చూడండి.

చట్టాలు ఏమంటున్నాయో చూసినా విషయం బోధపడుతుంది. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు వింటర్ టైర్లు తప్పనిసరి, వాటి మీద కొండ బొమ్మ ఉండాలి. జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి, శీతకాలపు రోడ్ల మీద వట్టి ఎం+ఎస్ చెల్లడం లేదు. ఫార్వర్డ్ పంపేవాళ్ళు దీనికి కొలరాడోను అడ్డం వేస్తారు. అక్కడ ఐ-70 కొండ దారిలో, గాడులు తగినంత లోతు ఉంటే ఎం+ఎస్ టైరును చట్టం ఒప్పుకుంటుందన్నది నిజమే. టికెట్ రాయరు, అంతవరకే. బండి ఆగుతుందని చట్టం హామీ ఇవ్వదు.

డాలస్ వైపు వాళ్ళకు ఒక మాట. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. వాన పడి రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన రోజు అది. అలాంటి ఐస్ మీద ఆల్ సీజన్ కాదు కదా, మేకులు లేని వింటర్ టైరును కూడా నమ్ముకోలేం. ఏడాదిలో రెండు మూడు రోజులు వచ్చే ఆ ఐస్ కోసం డాలస్‌లో వింటర్ టైర్లు కొనమని నేను చెప్పను. ఆ రోజు బండి బయటికి తీయకండి, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టండి.

ఇక ఏడబ్ల్యూడీ. నా దృష్టిలో ఈ ఫార్వర్డ్ మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం ఇదే. ఏడబ్ల్యూడీ ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచుతుంది. దానివల్ల మంచులో కూరుకున్న బండి కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగడం దగ్గరికొస్తే దాని పాత్ర ఏమీ లేదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకే ఉంటాయి, బ్రేకు కొట్టాక బండి ఆగేది టైరు పట్టుతోనే. పక్క కారు జారుతూ ఉంటే మనది మాత్రం సిగ్నల్ దగ్గర టక్కున ముందుకు దూకుతుంది. దాంతో ధైర్యం వస్తుంది, స్పీడు పెరుగుతుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర ఇద్దరి టైర్లూ ఒకటే.

ఏడబ్ల్యూడీతో ఇంకో ఖర్చు కూడా ఉంది, దాని గురించి ఫార్వర్డ్‌లో ముక్క లేదు. నాలుగు టైర్లూ దాదాపు సమానంగా అరిగి ఉండాలి. తేడా ఎక్కువైతే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి లోపలి డ్రైవ్ భాగాల మీద భారం పడుతుంది. సగం అరిగాక ఒక టైరు బాగుచేయలేనంతగా చీలిందనుకోండి, కొన్నిసార్లు నాలుగూ మార్చాల్సి వస్తుంది. రొటేషన్, అంటే టైర్ల చోట్లు ముందూ వెనకా మార్చడం, టైముకు చేయించుకోమని మాన్యువల్‌లో రాసేది ఊరికే కాదు.

వింటర్ టైర్లు షాపులవాళ్ళ వ్యాపారమా? వ్యాపారమే, వాళ్ళేమీ ధర్మానికి అమ్మడం లేదు. కానీ లెక్క కూడా సరిగ్గా వేయాలి. చలికాలం నాలుగైదు నెలలు వింటర్ టైర్లు తిరిగితే, అన్నాళ్ళూ రెండో సెట్టు అరగకుండా ఉంటుంది. టైర్ల ఖర్చు ముందుగా పెడుతున్నాం తప్ప రెట్టింపు కావడం లేదు. అదనంగా పడేది రిమ్ములకు, ఏటా రెండుసార్లు మార్చడానికి, వాటిని దాచడానికి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకు ఆ దాచడమే పెద్ద తలనొప్పి, బాల్కనీలో నాలుగు టైర్లు పెడితే లీజింగ్ ఆఫీసు ఊరుకోదు. న్యూజెర్సీ లాంటి చోట అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు నేనైతే ఆల్ వెదర్ అంటాను. మినియాపొలిస్‌లోనో మాంట్రియల్‌లోనో సొంత గరాజ్ ఉంటే రెండు సెట్లే మేలు. వింటర్ టైర్లనే ఎండాకాలం కూడా లాగించేయడం మాత్రం వద్దు. ఆ మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది, బ్రేకు కూడా సరిగ్గా పడదు.

ట్రెడ్‌వేర్ అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పడానికి దాని పక్కన వేసే అంకె. 800 అంటే 80 వేల మైళ్ళు అన్న లెక్కను ఎవరు కనిపెట్టారో గానీ, ఆ అంకెకూ మైళ్ళకూ అలాంటి సంబంధం లేదు. టెక్సస్‌లో శాన్ ఏంజెలో చుట్టూ ఉన్న రోడ్ల మీద టైరును 7,200 మైళ్ళు నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి ఎంత అరిగిందో చూస్తారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే దీనికి ఎంత అన్నదే ఆ అంకె. దాన్ని వేసేది కూడా టైరు కంపెనీయే. ఒకే కంపెనీ రెండు టైర్ల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది, వేర్వేరు కంపెనీల మధ్య అంతగా నమ్మలేం.

మైళ్ళ వారంటీ వేరే కాగితం. 60 వేల మైళ్ళ వారంటీ ఉన్న టైరు 40 వేలకే అరిగిపోతే కొత్త టైరు ఉచితంగా రాదు. సాధారణంగా మిగిలిన మూడోవంతు లెక్కన కొత్త టైరు ధరలో తగ్గిస్తారు. అదీ టైముకు రొటేషన్ చేయించిన బిల్లులు చూపిస్తేనే.

కొత్తవి ముందు వేయించమనే సలహా తర్కంగానే వినిపిస్తుంది. ముందు చక్రాలే కదా తిప్పేవి, చాలా కార్లలో లాగేవి కూడా అవే. కానీ నీళ్ళు నిలిచిన హైవే మీద ఏం జరుగుతుందో చూడండి. ముందువి జారితే బండి తిరగాల్సినంత తిరగకుండా నేరుగా పోతుంది. కాలు తీస్తే వేగం తగ్గి మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే బండి వెనక భాగం పక్కకు కొట్టుకుని మొత్తం గిర్రున తిరుగుతుంది. అప్పుడు మామూలు డ్రైవర్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే ముందు చక్రాలు లాగే కారైనా సరే, రెండే కొంటే కొత్తవి వెనక్కి, సగం అరిగినవి ముందుకు.

గాలి విషయంలో ఫార్వర్డ్ చెప్పింది పూర్తిగా తప్పు. టైరు పక్కన 44 అనో 51 అనో పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) రాసి ఉండేది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి. మీ కారుకు ఎంత కావాలో టైరు కంపెనీకి తెలియదు. డ్రైవర్ తలుపు తీసి పక్కన స్తంభం మీద చూడండి, చిన్న స్టిక్కర్ ఉంటుంది. ముందు ఎంత, వెనక ఎంత అని అందులో ఉంటుంది, చాలా సెడాన్లకు 30 నుంచి 36 మధ్యలో. టైరు మీద రాసిన దాకా కొట్టిస్తే టైరు మధ్యలోనే ఎక్కువగా అరుగుతుంది, రోడ్డును తాకే భాగం తగ్గి పట్టు పోతుంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబర్‌లో 75 డిగ్రీల దగ్గర 35 పెట్టించిన టైరులో, డిసెంబర్ తెల్లవారుజామున 25 డిగ్రీలుంటే 30 మాత్రమే మిగులుతుంది. "గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో వెలిగే లైటు వెలగలేదుగా" అంటారు. 35 ఉండాల్సిన కారులో ఆ లైటు 26 దగ్గర వెలిగినా నిబంధన ప్రకారం సరైనదే, ఎందుకంటే నాలుగోవంతు గాలి పోయాక వెలిగితే చాలని నిబంధన. గేజ్ ఒకటి కొని, బండి తీయకముందే పొద్దున చూసుకోవడం మేలు.

నైట్రోజనా? మామూలు గాలిలో 78 శాతం అదే. ఊరికే పోస్తే పోయించుకోండి.

చివరి మాట: "సైజు కలిస్తే చాలు". టైరు పక్కన 225/65ఆర్17 102హెచ్ అని ఉందనుకోండి, చాలామంది సైజు ముగిసే 17 దగ్గర ఆగిపోతారు. 102 అంటే ఒక్కో టైరు మోయగలిగేది 850 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగ పరిమితి. అంత వేగం మనం పోము, నిజమే. కానీ సమ్మర్‌లో ఇండియా ప్రయాణానికి ఇంటిల్లిపాదీ మనిషికి రెండేసి 23 కిలోల సూట్‌కేసులతో ఎయిర్‌పోర్టుకు బయల్దేరినప్పుడు ఆ 102 అవసరం పడుతుంది. కారు స్టిక్కర్ మీద ఉన్నదానికంటే తక్కువ అంకె ఉన్న టైరు ఎంత చవకైనా వద్దు. ధర అడిగేటప్పుడు ఇన్‌స్టలేషన్, బ్యాలెన్సింగ్, పాత టైరు పారేసే ఫీజు, పన్ను అన్నీ కలిపి ఎంతో అడగండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది అక్కడే సమానమైపోతుంది.

ఎప్పుడు తయారైందో కూడా చూడాలి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు 3522 అయితే, 2022లో 35వ వారం. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళు దాటిన టైరు మార్చేయమంటాయి, కాబట్టి షాపులోనే మూడేళ్ళు కూర్చున్న టైరుకు పూర్తి ధర ఇవ్వొద్దు. ఈ పూర్తి వరస టైరుకు ఒక పక్కనే ఉంటుంది. బిగించాక అది లోపలివైపుకు పోతే కారు కిందకు దూరి టార్చి వేసి చూసుకోవాలి. అందుకే రిమ్ముకు ఎక్కించకముందే నాలుగు టైర్లూ చూపించమని అడగండి.