చేయి కదిలితే పని, వేలు చూపితే కళ

హైదరాబాదులో జరిగిన రెండు రోజుల శిబిరంలో కూర్చుని, నిత్యజీవితంలో కళను చూసే కన్ను సంపాదించుకుని, గత నెలలో నేను నల్లగొండకు తిరిగి వచ్చాను. రుసుము మూడున్నర వేలు, భోజనం ఎవరిది వారిదే. చుట్టూ చూడు, ఏదో ఒకదాన్ని వేలితో చూపించు, అది కళ అయిపోతుంది అన్నది అక్కడ నేర్పిన విద్య సారాంశం. ఇంత తేలికైన విద్య మన జిల్లాలో ఇన్నాళ్లూ ఎందుకు వ్యాపించలేదని ఆలోచించగా, మనవాళ్లకు చేతులు ఖాళీగా లేకపోవడమే కారణమని తేలింది.

మొదటి పరిశోధన మా వీధిలోనే జరిగింది. కుక్కలు దగ్గరికి రావన్న నమ్మకంతో ఇక్కడ పదకొండు ఇండ్ల గేట్లకు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు వేలాడుతున్నాయి. లేబుల్ సగం ఊడిన లీటరు సీసా, మెడకు సుతిలితాడు, లోపల కదలని నీలం. పొద్దుటి ఎండ దాని గుండా పడితే గచ్చు మీద రూపాయి బిళ్లంత నీలి వెలుగు వణుకుతూ ఉంటుంది. ఆ వెలుగులో మూతి పెట్టుకుని ఒక కుక్క నిద్రపోతున్నది. ప్రదర్శనకు వీక్షకుడు ఒక్కడే, అతడూ నిద్రలోనే ఉన్నాడు. పట్నం గ్యాలరీల పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదని శిబిరంలోనే విన్నాను.

మా అమ్మ ముగ్గును మాత్రం విచారపూర్వకంగా తిరస్కరించవలసి వచ్చింది. ఆమె తెల్లవారక ముందే సాన్పు చల్లి, చుక్కలు లెక్కపెట్టకుండానే పెట్టి, వాటిని చుట్టి లోపలికి పోతుంది. రోజూ వేస్తుంది, ఎవరినీ చూడమనదు, మరునాడు తానే ఊడ్చేస్తుంది. ఇది కళ ఎట్లా అవుతుంది? ఎదురింటివారు గచ్చుకు అతికించిన ముగ్గు స్టిక్కర్‌లో ఒక్క గీత కూడా తప్పలేదు, ఏడాదైనా చెరగలేదు. పిండి కోసం చీమలు రావన్నది చిన్న లోపం.

బతుకమ్మ సంగతి మరీ అన్యాయం. గునుగు పూలను కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి, తంగేడు పూలతో వరుస తప్పకుండా పేర్చి, తీరా చీకటి పడ్డాక చెరువులో వదిలిపెడతారు. చట్రం కట్టించాలన్న ఆలోచన ఒక్కరికీ రాదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడి గోడ మీద పగలంతా నిలిచే నీడనైనా మన ఖాతాలో వేసుకుందామంటే, నీడ మీద సంతకం పెట్టే చోటు లేదు.

చివరికి పుట్టపాకలోని మా మేనత్త ఇంటికి పోయాను. నువ్వుల నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి నేసే ఆ ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ప్రభుత్వమే వేలు చూపించింది కాబట్టి నా సిద్ధాంతానికి అడ్డు లేదు. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన, నేతకు ముందు పోగును మేకులకు చుట్టిపెట్టే ఆసు యంత్రం మా అత్త ఇంట్లోనూ ఉన్నది. కానీ నేను పోయిన పూట కరెంటు లేదు.

ఆమె పాత ఆసు ముందు కూర్చున్నది. నడిమి మేకు నుంచి అర్ధచంద్రాకారపు చట్టం మీది మేకుకు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, ఆమె చేయి పోయి వస్తున్నది. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి అట్లా ఆడాలి. నేను వేలు చూపించి, “అత్తా, ఇది కళ” అని ప్రకటించాను.

“అట్లనా బిడ్డా? అయితే జర పట్టు, పొయ్యి మీద అన్నం మాడుతున్నది,” అని పోగు నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి నా భుజం పట్టేసింది, చూపుడు వేలు మీద నూలు కోసిన ఎర్రని గీత పడింది.

“ఎన్ని పోసినవ్?”

“నలభై.”

ఆమె ఒక్కసారి మేకుల మీదుగా చూపు నడిపించింది. “రెండు తప్పినవ్. ఆడిదాంక ఇప్పు.”

ఇప్పేలోపు నేను ఫొటో తీసుకున్నాను.