చలానా కట్టెయ్యాలా, కాదనాలా?

వేదిక హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం హాలు. విషయం: ట్రాఫిక్ చలానా వస్తే నోరు మూసుకుని కట్టెయ్యడం మేలా, అడ్డం తిరగడం మేలా? ఒకవైపు రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్, ఇంకోవైపు మోటారు వాహన కేసులు చూసే లాయర్.

ఇన్‌స్పెక్టర్: నాది ఒకటే మాట లాయర్ గారూ. మెసేజ్ వచ్చిందా, కట్టేసి పని చూసుకోండి. హెల్మెట్ లేకపోతే కేంద్ర మోటారు వాహనాల చట్టంలో జరిమానా 1,000 రూపాయలు. రాజీకి, అంటే కోర్టు దాకా పోకుండా డబ్బు కట్టించుకుని కేసు ముగించడానికి, ఎంత తీసుకోవాలో రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి కనుక విజయవాడలో ఒక రేటు, ఇక్కడ ఒక రేటు. ఏ రేటైనా సరే, కోర్టుకెళ్తే పోయే రోజు కూలీ, మీ ఫీజూ కలిపితే దానికన్నా ఎక్కువే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

లాయర్: గోటితో పోతుందన్న చోటే నాకు పేచీ, ఇన్‌స్పెక్టర్ గారూ. చలానా కట్టడమంటే సెక్షన్ 200 కింద రాజీపడటం. 2019 సవరణలో ఆ సెక్షన్‌కు ఒక షరతు తగిలించారు. రాజీ డబ్బు కట్టినంత మాత్రాన సెక్షన్ 206(4) కింద లైసెన్సు మీద తీసుకునే చర్య ఆగదు. అతివేగం, సిగ్నల్ జంపింగ్, చేతిలో ఫోన్, బండి మీద ముగ్గురు, హెల్మెట్... ఇవన్నీ ఆ జాబితాలోవే. హెల్మెట్ సెక్షన్ 194డీలో వెయ్యి రూపాయల పక్కనే మూడు నెలల లైసెన్సు అనర్హత కూడా రాసుంది. క్యాబ్ నడిపేవాడికి మూడు నెలలంటే మూడు ఈఎంఐలు. ఆ గడువులో స్టీరింగ్ పట్టి యాక్సిడెంట్ చేస్తే బీమా కంపెనీ అనర్హుడు నడిపాడంటూ సెక్షన్ 150 చూపిస్తుంది, పరిహారం బరువు యజమాని నెత్తిన పడుతుంది. చెయ్యని తప్పుకు చెంపలేసుకుంటే పోయేది వెయ్యితో ఆగదు.

ఇన్‌స్పెక్టర్: చెయ్యని తప్పు అంటున్నారు. వచ్చేవాటిలో ఎక్కువ చేసినవే కదా! హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని వెళ్తున్న ఫొటో కళ్ల ముందుంటే ఇంకేం వాదిస్తారు?

లాయర్: అక్కడ వాదించను. కట్టెయ్యమనే చెబుతాను. నేనడిగేది ఆ ఫొటో తెరిచి చూశారా అని. మెసేజ్ చూడగానే డబ్బు కట్టేవాళ్లలో ఫొటో చూసేవాళ్లు ఎందరు? తెలంగాణ ఈ-చలానా సైట్‌లో బండి నంబరు, ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులో చివరి అంకెలు కొడితే జాబితా వస్తుంది. ఒక్కో చలానా పక్కన ఫొటో ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూడాలి. నంబరు ఒక్కటే చూసి వదిలేస్తే లాభం లేదు. ప్లేటులో 8ని బీ అని, సున్నాని డీ అని కెమెరా పొరబడుతుంది. మీది కారు, ఫొటోలో స్కూటర్ ఉందనుకోండి, కథ అక్కడితో సరి. అదే రంగు, అదే మోడల్ అయితే ఇంకా దగ్గరగా చూడాలి. క్రాష్ గార్డ్ ఉందా, సీటు కవరు ఏ రంగు, అద్దం ఎటువైపు విరిగింది, మడ్‌గార్డ్ మీద స్టిక్కరుందా? హై సెక్యూరిటీ ప్లేటైతే ఎడమ వైపు పైన అశోకచక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం అక్షరాల్లో ఐఎన్‌డీ ఉండాలి. ఫొటోలో అవి లేకపోతే మీ నంబరు ఎవడో అతికించుకు తిరుగుతున్నట్టు.

ఇన్‌స్పెక్టర్: అయినా వంద, రెండొందల కోసం...

లాయర్: వంద గురించి కాదండీ. ఆ దొంగ నంబరు బండి రేపు ఎవరినో గుద్ది పారిపోతే? ఆ రోజు ఆ చోట తిరిగింది మీ బండేనని డబ్బు కట్టి మరీ మీరు ఒప్పుకున్నట్టు రికార్డు ఉంటుంది. నంబరు కాపీ కొట్టారని తేలితే చలానా రద్దుతో ఆగకూడదు, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోవాలి.

ఇన్‌స్పెక్టర్: అది ఒప్పుకుంటాను. కానీ కెమెరా చలానాలన్నీ తప్పేనన్నట్టు జనాన్ని రెచ్చగొట్టకండి.

లాయర్: తప్పని అనను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధనను కెమెరా పెట్టినవాళ్లు కూడా పాటించాలంటాను. నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. తప్పూ నంబరూ రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షనో, ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్... ఇవన్నీ ఉండాలి. పరికరానికి ఏటా ఆమోదం పొందాలి, ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఆ నిబంధన స్పీడ్ గన్, సీసీ కెమెరా, ఒంటికి తగిలించుకునే కెమెరా వగైరా పేర్లు చెబుతుంది. కానిస్టేబుల్ సొంత ఫోన్ ఆ పేర్లలో లేదు. అతివేగానికైతే సెక్షన్ 183(3) ఉంది. యంత్రం కొలత లేకుండా ‘నాకు వేగంగా అనిపించింది’ అని ఒక్క సాక్షి చెబితే శిక్ష వెయ్యడానికి వీల్లేదు.

ఇన్‌స్పెక్టర్: ఇవన్నీ పట్టుకుని కోర్టుకెళ్లి ఓడిపోతే? ఆ మాట కూడా జనానికి చెప్పండి. రాజీ మొత్తం తక్కువ. విచారణలో తప్పు రుజువైతే మేజిస్ట్రేటు చట్టంలో ఉన్న పూర్తి జరిమానా వెయ్యొచ్చు. తాగి నడిపిన కేసయితే రాజీ మాటే లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

లాయర్: నిజమే, ఓడితే ఎక్కువ పడుతుంది. అందుకే కోర్టు మొదటి మెట్టు కాదు. ముందు చలానా రాసిన కమిషనరేట్ ట్రాఫిక్ విభాగానికి అర్జీ పెట్టాలి. పైసా ఖర్చు లేదు. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలో పాత రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. ఆ సమయానికి బండి సెల్లార్‌లో ఉందని చూపించే క్లిప్పు, సర్వీసింగ్ జాబ్ కార్డు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో టోల్‌గేట్ దాటిన సమయం... దొరికినవి దొరికినట్టు వెంటనే దాచుకోవాలి.

ఇన్‌స్పెక్టర్: అర్జీ పేరుతో నాన్చి డిస్కౌంటు కోసం కాచుక్కూచునేవాళ్లనేం చేస్తారు? 2022 మార్చిలో బైకులకు 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం. అప్పటి నుంచి చాలామందికి అదే ధీమా. సిగ్నల్ దగ్గర ఆగడం లేదు.

లాయర్: ఆ విషయంలో నేను మీ పక్షమే. తప్పు చేసి డిస్కౌంటుకు కాచుకోవడం వేరు, చెయ్యలేదని చెప్పడం వేరు. అలాగే పెండింగ్ ఉందన్న ఒక్క కారణంతో రోడ్డు మీద తాళాలు లాక్కోవడాన్నీ ఒప్పుకోను. బండి ఆపి ఉంచే అధికారమిచ్చే సెక్షన్ 207 లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేని సందర్భాల గురించి మాట్లాడుతుంది. బాకీ చలానా మాట అందులో లేదు.

ఇన్‌స్పెక్టర్: సరే, అమ్మేసిన బండి సంగతేమిటి? నా దగ్గరికి ఎక్కువ వచ్చింది వాళ్లే. ‘బండి అమ్మి రెండేళ్లయింది సార్, చలానాలు నాకే వస్తున్నాయి’ అంటారు. బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 ఇచ్చారా అంటే ఇవ్వలేదు. పేరు మార్పిడి కోరే ఫారం 30 మీద సంతకం పెట్టి కొన్నవాడి చేతికిచ్చి మర్చిపోయారు. రాష్ట్రంలోపలే అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలని సెక్షన్ 50 చెబుతోంది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం ముందు యజమాని వాడే.

లాయర్: ఇక్కడ నేను గెలవలేను. రాసుకున్న కాగితం, డెలివరీ తేదీ చూపించి అర్జీ పెట్టొచ్చు గానీ, పేరు మారేదాకా చలానాలు వస్తూనే ఉంటాయి. ముందు ఆర్‌టీఏకి వెళ్లాల్సిందే.

ఇన్‌స్పెక్టర్: ఇంకో మాట. వాట్సాప్‌లో చలానా అని ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్‌ను దించే ఫైలు, వస్తే ముట్టుకోకూడదు. అది ఫోన్‌లోకి దిగితే బ్యాంకు ఖాతా ఖాళీ. చలానా చూడాలంటే గవ్ డాట్ ఇన్‌తో ముగిసే సైట్‌లోనే చూడాలి. అదలా ఉంచండి. మీరన్న అర్జీ ఎలా రాయాలి? పక్కన పారేయడానికి వీల్లేకుండా ఉండాలి.

లాయర్: కథ రాయకూడదు. ‘చలానా నంబరు ఫలానా. ఫొటోలో ఉన్నది నల్ల స్కూటర్, ఎడమ అద్దం లేదు, ప్లేటుపై హోలోగ్రామ్ లేదు. నా బండి తెల్ల కారు, ముందూ వెనకా తీసిన ఫొటోలు, ఆర్‌సీ జతచేశాను. ఆ సమయానికి కారు ఫలానా టోల్‌గేట్ దాటింది, స్టేట్‌మెంట్ జతచేశాను. చలానా రద్దుచేసి, రాతపూర్వకంగా తెలపగలరు.’ ఇంతే. అందినట్టు నంబరు తీసుకోవాలి. 15 రోజులు చూసి మళ్లీ అడగాలి.

ఇన్‌స్పెక్టర్: స్కూటర్ ఫొటోకు ఇలాంటి అర్జీ వస్తే నేనైనా ‘బండి సరిపోలలేదు’ అని రాయక తప్పదు. హెల్మెట్ ట్యాంకు మీదున్న ఫొటోకు కూడా ఇదే పంపిస్తే మాత్రం వెనక్కి కొడతాను.

లాయర్: ఆ అర్జీ నేను రాసివ్వను లెండి.