మామయ్యగారి అపసవ్యం

టోక్యోలో మా ఇంటికి వచ్చిన వారానికే మామయ్యగారికి విసుగొచ్చేసింది. "ఈ మేడలూ మాల్సూ హైదరాబాదులోనూ ఉన్నాయి అల్లుడుగారూ. నడిచి వెళ్లే క్షేత్రం ఏదైనా ఉంటే చెప్పండి. అలిపిరి మెట్లు 3,550, ఆగకుండా ఎక్కినవాణ్ణి" అన్నారు.

అలా ఇద్దరం కుమనో కోదో బయల్దేరాం. కీ ద్వీపకల్పం కొండల్లో, వెయ్యేళ్ల కిందట చక్రవర్తులు సైతం క్యోటో నుంచి నడిచి వెళ్లిన యాత్రా మార్గం అది. 2004లో యునెస్కో జాబితాకెక్కింది. కీ-తనబే స్టేషన్లో దిగి, బస్సులో తకిజిరి ఓజి అనే చిన్న గుడి దగ్గరికి చేరాం. పుణ్యభూమికి గుమ్మం అదేనట. అక్కణ్ణుంచి తకహారా ఊరు 4 కిలోమీటర్లే. ఆ "లే"ని నమ్మింది నేనే.

ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే బండరాళ్ల మధ్య ఓ ఇరుకు సందు వచ్చింది. పేరు తైనై కుగురి, అంటే తల్లి కడుపులోంచి దూరి రావడం. అవతలికొస్తే మళ్లీ పుట్టినట్టే లెక్క. మామయ్యగారు నా మాట వినకుండా దూరారు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, బొజ్జ రాలేదు. ఎలుగుబంట్ల భయానికి సంచికి కట్టుకున్న గంట మాత్రం లోపల గణగణమంటోంది. నేను చేతులు పట్టుకుని లాగితే, చొక్కా గుండీ ఒకటి అక్కడే సమర్పించుకుని బయటపడ్డారు.

ఆపైన దారంతా దేవదారు వేళ్లే మెట్లు. అరకిలోమీటరుకో నంబరు దిమ్మ ఉంటుంది. రెండో దిమ్మ కనబడేలోపే అలిపిరి ప్రస్తావన ఆగిపోయింది.

రాత్రి బస ఓ పెద్దావిడ నడుపుతున్న ఇంట్లో. జపాన్‌లో చాలాచోట్ల వేడినీళ్ల తొట్టిలోకి అందరూ కలిసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. మామగారూ అల్లుడూ ఒకే తొట్టిలో! వారం నుంచీ నాకదే టెన్షన్. దేవుడి దయవల్ల ఇక్కడ వంతులవారీ స్నానం.

స్నానాలయ్యాక యుకతాలు. నూలుబట్టతో కుట్టిన వదులు అంగరఖా లాంటిది. రెండు అంచుల్లో ఏది పైకి రావాలో పట్టింపు ఉందని తెలుసు, ఏదో మర్చిపోయాను. అడగడానికి మొహమాటం. నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నానాయె! ఫోన్లో కిందటేడాది సెల్ఫీ వెతికి, అచ్చం అలాగే కుడి అంచు పైకొచ్చేలా ఇద్దరికీ చుట్టాను. మామయ్యగారు చేతులు కట్టుకుని, నవ్వకుండా నిలబడితే ఓ ఫొటో కూడా తీసిచ్చాను.

భోజనాల గదిలోకి అడుగుపెట్టగానే పెద్దావిడ చేతిలో పళ్లెం టక్కున కింద పెట్టేసింది. గబగబా వచ్చి, తన మెడ దగ్గర అంచులు చూపిస్తూ ఏదో చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో భయమో తెలియలేదు.

"ఏమంటోందండీ?" అన్నారు మామయ్యగారు.

"ఎడమ అంచు పైకి రావాలట. ఇలా చుట్టేది... పోయినవాళ్లకట."

మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. ముప్ఫయ్యేళ్లుగా తద్దినాలు పెడుతున్న మనిషి, జంధ్యం ఏ భుజం మీదికి ఎప్పుడు మారాలో నిద్రలో అడిగినా చెప్పే మనిషి.

"అంటే ఇక్కడా అపసవ్యం ఉందన్నమాట" అన్నారు చివరికి. "పొద్దున్న కడుపులోంచి లాగారు, సాయంత్రానికి సాగనంపారు. ఒక్కరోజులో భలే పూర్తిచేశారు అల్లుడుగారూ!"

తప్పు సెల్ఫీదని నాకు అప్పుడు వెలిగింది. ఫోను దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పేసి దాచుకుంది. అంత వెతుకులాట ఎందుకు, నా చొక్కా చూసుకున్నా తెలిసేది. మగవాళ్ల చొక్కాకి గుండీలు పెట్టుకున్నా ఎడమ అంచే పైన ఉంటుంది. ఈలోగా పెద్దావిడ మా ఇద్దరినీ చిన్నపిల్లల్లా నిలబెట్టి, విప్పి సరిగ్గా చుట్టింది. (లోపల బనియన్లున్నాయి, కంగారుపడకండి.)

అన్నం ముందు కూర్చున్నాక మామయ్యగారు మెల్లిగా అన్నారు: "ఇందాకటి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశానండీ. తీసెయ్యాలంటారా?"

ఫోను తీసి చూశాను. అప్పటికే పదకొండు మంది దండాలు పెట్టేశారు. అత్తయ్యగారు పూలు పెట్టారు.