రెండు నిమిషాల మైకు

డిసెంబరు 3 వచ్చి వెళ్లింది. అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం కాబట్టి మన తిరుపతిలోనూ ఘనంగా జరిగింది. ఆ ఘనత ఎలాంటిదో మీకు తెలుసు.

సభ మొదటి అంతస్తులో. లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. వీల్‌ఛైర్లలో వచ్చిన పిల్లలను నలుగురేసి పట్టుకుని, బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసినట్టు పైకి మోశారు. వేదిక మీద అతిథులకు 14 కుర్చీలు. లెక్కపెట్టడానికి నాకు బోలెడంత తీరిక దొరికింది.

మావాడికి పదకొండేళ్లు, ఆటిజం. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. అలాంటి పిల్లల సంతోషం కోసమని మనిషెత్తు డీజే బాక్సులు పెట్టించారు. మొదటి దెబ్బకే వాడు చెవులు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ అరవసాగాడు. యాంకరమ్మ మురిసిపోయింది. "చూడండి, మన చిన్నారి ఎంత ఎంజాయ్ చేస్తున్నాడో! చప్పట్లు!" కొట్టారు. వాడు ఇంకా గట్టిగా అరిచాడు. "వన్స్ మోర్!" అందావిడ. వాణ్ణి ఎత్తుకుని మెట్లవైపు పరిగెత్తితే వెనకాలే ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. సాయానికేమో అనుకున్నాను. "సార్, శాలువా కప్పించుకోకుండా వెళ్లిపోతున్నారు!"

డీజే ఆగాక మళ్లీ లోపలికి వెళ్లాను, బుద్ధి లేక. ప్రసంగాలు నడుస్తున్నాయి. వక్తలందరిదీ ఒకటే మాట: "వీళ్లు దేవుడి బిడ్డలు." కావచ్చు. ఆ దేవుడు కొండ మీదే ఉన్నాడు, ఆయన దగ్గర వికలాంగులకు వేరే దర్శనం క్యూ కూడా ఉంది. ఆయన బిడ్డలకు చోటు దొరకనిది కొండ కింద బడుల్లోనే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఏం చెప్పింది? వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పాలి. ఇంటి దగ్గరి బడైనా, ప్రత్యేక పాఠశాలైనా, కోరుకున్న చోట. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే దీంట్లో 21, ఆటిజంతో సహా. జూన్‌లో ఆ చట్టం జిరాక్స్, వైకల్యం ఇంత శాతమని చెప్పే సదరం సర్టిఫికెట్ పట్టుకుని ఒక బడికి పోతే హెడ్‌మాస్టరు అన్నమాట: "చట్టం సరే సార్, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు." ఎందుకు ఒప్పుకోరయ్యా? నా కొడుకు ఎవరి కంచంలో అన్నం లాక్కున్నాడు? ఈ చట్టాన్ని మీరితే మొదటిసారికి పదివేల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఎవరు కట్టారో ఒక్కణ్ణి చూపించండి, ఆ శాలువా తెచ్చి నేనే కప్పుతాను.

ముఖ్య అతిథి వెళ్లిపోయాక, మైకువాడు వైర్లు చుడుతుండగా, "తల్లిదండ్రులెవరైనా రెండు నిమిషాలు" అన్నారు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. ధన్యవాదాలు చెప్పలేదు. "మా మండలం సెంటరుకు ఫిజియోథెరపీ ఆయన రాక మూణ్ణెల్లయింది. పాప కాళ్లు మళ్లా బిగుసుకుంటా ఉండాయి" అంది. నిర్వాహకుడు వంగి చెవిలో చెప్పాడు: "పాజిటివ్‌గా మాట్లాడమ్మా." ఆమె ఆగలేదు. మైకే ఆగింది.

కిందికి దిగుతుంటే మెట్ల మీద కలిసింది, చంకలో పాపతో.

"సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు పోతా ఉండా. వస్తావా అన్నా? మీ పిల్లోణ్ణి గూడా పిల్చుకోని రా. అరిస్తే అరవనీ."