ఫోటోలున్నాయిగా, బొమ్మెందుకంటారా?

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అందరి చేతిలో కెమెరా ఉన్న రోజుల్లో, హత్యలకు బలైనవాళ్ల బొమ్మలు గీయడం ఎందుకు? అవి సాక్ష్యం కావు. మానిన గాయాలు రేపడానికే పనికొస్తాయి. కళలో రాజకీయం వద్దు" అని. నాకు మా బంధువులే ముగ్గురు పంపారు.

కెమెరా ఇవాళ అందరి చేతిలో ఉంది. 2000 మార్చి 11న కంబాలపల్లిలో ఏడుగురు దళితుల్ని సజీవ దహనం చేసినప్పుడు లేదు. ఆ ఊరు కర్ణాటకలోని చింతామణి తాలూకాలోనే, ఇళ్లలో తెలుగు వినిపించే సీమలోనే ఉంది. ఆ ఏడుగురిలో ఒక్కరి ముఖమైనా మనకు తెలుసా?

నిరుడు చిత్రసంతెలో, అంటే బెంగళూరులో ఏటా జరిగే బొమ్మల సంతలో, కుమారకృప రోడ్డు పక్కన, ఒకావిడ తన భర్త ఓటరు కార్డు తెచ్చి ఆర్టిస్టు ముందు పెట్టింది. అపార్ట్‌మెంట్ కడుతూ పరంజా మీంచి పడి చనిపోయాడట. కార్డులో ముఖం నల్లటి మరకలా ఉంది. "కనుబొమలు కలిసుండేవా అమ్మా? ముక్కు వీడికొచ్చిందా?" అని అడుగుతూ, పక్కనున్న కొడుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ గీశాడతను. కెమెరా ఈ మాటలు అడగలేదు.

సాక్ష్యం సంగతి. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ పల్లెలు తిరిగి, ఆకలికి ఎండిపోయిన మనుషుల్ని ఎదురుగా చూసి గీశాడు. ఆ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసి నాశనం చేసింది. ఆ బొమ్మల్లో నిజం లేకపోతే ప్రభుత్వానికి అంత భయం ఎందుకు?

నన్ను బాగా కష్టపెట్టింది "మానిన గాయాలు" అన్న మాట. కంబాలపల్లి కేసులో సాక్షులు మాట మార్చారు. 2006లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు, 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడు ప్రాణాలు పోయాయి, శిక్ష ఒక్కరికీ పడలేదు. మరి ఆ గాయం ఎవరికి మానినట్టు?

ఇక రాజకీయం. ప్రతి ఆఫీసు గోడమీదా నాయకుల పటాలుంటాయి, వాటిని దించమని ఎవరూ మెసేజ్ పెట్టరు. కూలిమనిషి పటానికే అభ్యంతరం.

ఆ రోజు బొమ్మ పూర్తయ్యాక ఆవిడ చాలాసేపు చూసింది. "చెవి కింద పుట్టుమచ్చ ఉండేది నాయనా" అని వేలుపెట్టి చూపించింది. అతను అది పెట్టేదాకా అక్కణ్ణించి లేవలేదు.