క్యాస్పర్ చచ్చిపోయిన పిల్లాడు, ఆ సంగతి దాచకండి

తెల్లగా, గుండ్రంగా, నవ్వుతూ గాల్లో తేలే క్యాస్పర్ అనే అమెరికన్ కార్టూన్ల పిల్లదెయ్యం ఎవరికైనా ముద్దొస్తాడు. అయితే వాడు బతికున్న పిల్లాడు కాదు. ఆ సంగతి ధైర్యంగా చెప్పినప్పుడల్లా కథ పండింది, దాచినప్పుడల్లా చప్పబడింది.

1945లో పారామౌంట్ కోసం ఫేమస్ స్టూడియోస్ తీసిన తొలి కార్టూన్‌లోనే, తనను చూసి అందరూ పారిపోతున్నారన్న దిగులుతో వాడు రైలు పట్టాల మీద పడుకుంటాడు. రైలు వెళ్లిపోతుంది, వాడికేమీ కాదు. పోయినవాడు మళ్లీ ఎలా పోతాడు? 1948 నాటి కార్టూన్‌లో వాడితో ఆడుకునే నక్కపిల్ల వేటకు బలైపోతుంది. క్యాస్పర్ ఏడుస్తూ దాన్ని తన సమాధి పక్కనే పాతిపెడతాడు. ఇవి పిల్లల కోసం తీసినవే సుమా! తర్వాత హార్వే కామిక్స్ చేతికొచ్చాక వాడు దెయ్యంగానే పుట్టాడన్నట్టు మార్చేశారు. గొడవ వదిలింది, కథా వదిలింది.

పోయిన ప్రాణం 1995లో తిరిగొచ్చింది. స్పీల్‌బర్గ్ అండతో బ్రాడ్ సిల్బర్లింగ్ తీసిన ఆ సినిమాలో కంప్యూటర్‌తో పూర్తిగా ఒక కథానాయకుణ్ని సృష్టించారని అప్పట్లో అందరూ అదే చెప్పుకున్నారు. నన్నడిగితే అసలు గొప్ప అటకమీది సీన్‌లో ఉంది. క్యాస్పర్ ఉండే ఇంట్లో, క్యాట్ అనే తల్లి లేని అమ్మాయి పాత బొమ్మల మధ్య కూర్చుంటుంది. మంచు మీద జారే బండి కనబడగానే క్యాస్పర్‌కు ఒక్కొక్కటే గుర్తొస్తుంది. నాన్నను బతిమాలి కొనిపించుకున్న బండి అది. చీకటి పడ్డా, చలి ముదిరినా ఇంటికి రాలేదు. జబ్బు చేసింది, పోయాడు. నాన్న ఒంటరివాడైపోతాడని ఆ ఇల్లు విడిచి వెళ్లలేదు. భయపెట్టే మ్యూజిక్ లేదు, ఉపన్యాసం లేదు. ఇద్దరు పిల్లలు మామూలుగా మాట్లాడుకుంటారు, అంతే. మళ్లీ మనిషయ్యే అవకాశం ఒక్కరికే మిగిలితే, దాన్ని వాడు చనిపోయిన క్యాట్ తండ్రి కోసం వదులుకుంటాడు. వాడు పోయిన పిల్లాడని మనకు తెలియకపోతే ఆ త్యాగానికి విలువేముంది?

1997లో, 1998లో నేరుగా వీడియోకు వచ్చిన సినిమాలు ఈ గతాన్ని పక్కన పడేశాయి. అల్లరి మిగిలింది. రెండోదానిలో చిన్నారి నటి హిలరీ డఫ్ ఉన్నా నాకు మాత్రం ఆవలింతలే.

సెలవు రోజు సరదాగా సినిమా పెట్టుకుంటే మధ్యలో ఈ చావు గోలేంటి, పిల్లలు రాత్రి పడుకోవద్దా అనే తల్లిదండ్రులున్నారు. వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. కానీ పిల్లల్ని నిద్రపోనివ్వనిది చాలాసార్లు విన్న సంగతి కాదు, పెద్దలు గుసగుసలాడుకుని తలుపేసుకున్న సంగతి.

మన ఇళ్లలో జరిగేది చూడండి. తాతయ్య పోతే పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. ‘ఊరెళ్లాడు’ అంటాం, మరీ అడిగితే ‘దేవుడి దగ్గరికెళ్లాడు’ అంటాం. పెద్దకర్మ నాడు దండ వేసిన ఫొటో ముందు పిల్లాడికి గారెలు వడ్డిస్తాం. తాతయ్య ఎప్పుడొస్తాడని వాడడిగితే ‘ముందు తిను’ అని కసురుతాం. ఒకప్పుడు ఇదే తెలుగు పిల్లలు, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుణ్ని చందమామలో నెలనెలా చదివారు. భేతాళుడి ప్రశ్నకు తామే జవాబు చెప్పాలని పోటీపడ్డారు తప్ప ఎవరూ బెదిరిపోలేదు.

ఇప్పటి పిల్లలకు ఫోన్‌లో దొరికే తెలుగు దెయ్యాలు చాలావరకు పగ తీర్చుకునేవే. ఎవరో చంపారు, వాళ్లను చంపితే లెక్క సరిపోయింది. జ్వరమొచ్చి పోయి, నాన్న మీద బెంగతో ఇంట్లోనే ఉండిపోయిన దెయ్యాన్ని మనవాళ్లెవరైనా తీస్తారా? నిర్మాత మొదట అడిగేది విలన్ ఎవరనే.